మిరపచేలో పేరమ్మ గొంతు

మార్టూరు దాటాక గుట్టల వైపు తిరిగే రోడ్డులో గుట్టవారిపాలెం ఉంది. ఊరికి పడమట రాతి గుట్టలు, వాటిల్లో అడవి పందులు. తూర్పున నల్లరేగడి నేల, అందులో మిరప, మొక్కజొన్న. పొద్దువాలే వేళ ఆ చేల గట్ల మీద నడిస్తే ఊళ్లో సగం మంది అరుపులు వినిపిస్తాయి గానీ మనుషులెవరూ కనిపించరు. కర్రలకు కట్టిన చిన్న మైకుపెట్టెలు అరుస్తుంటాయి.

మొదట్లో ఆ పెట్టెల్లో కుక్కల మొరుగుళ్లు, పులి గాండ్రింపులు ఉండేవి. మార్టూరు సెంటర్లో సెల్‌ఫోన్లు బాగుచేసే హయాత్ వాటిని అమ్మేవాడు. పందులు కొన్నాళ్లు జడిసి, ఆ తర్వాత పులి గాండ్రింపు కిందే నిలబడి మొక్కజొన్న కంకులు తిన్నాయి. అప్పుడు హయాతే ఇంకో ఉపాయం చెప్పాడు. ఈ పందులు పులినెప్పుడూ చూసి ఎరగవు, మనిషినైతే రోజూ చూస్తున్నాయి, కాబట్టి ఇంట్లో ఎవరి నోరు పెద్దదైతే వాళ్ల కేక ఎక్కించుకోండి అన్నాడు. అలా ఊళ్లో ప్రతి చేనుకూ ఒక గొంతు వచ్చింది. చీకట్లో దారి తప్పినవాడు కూడా ఎవరి గట్టు మీద ఉన్నాడో చెవితో తెలుసుకోగలడు.

రోశయ్య చేలో అరిచేది ఆయన భార్య పేరమ్మ.

ఆ ఇంట్లో నోరు ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. రోశయ్య మాట్లాడితే ఎదుటివాళ్లు ఒక అడుగు ముందుకేసి వినాలి. అరవై దాటినా సన్నగా, నిటారుగా ఉంటాడు. మాట్లాడేటప్పుడు మనిషి ముఖం చూడడు, నేల చూస్తాడు. మిరపలో మాత్రం ఊళ్లో ఆయనకు పేరుంది. ఒక ఏడాది ఎండు తెగులొచ్చి సగం చేను పోయాక, మొక్కల వేళ్లను కాపాడే మంచి బూజును పశువుల ఎరువులో పెంచటం నేర్చుకున్నాడు. ఎరువు, వేపపిండి కలిపి, వ్యవసాయ శాఖ వాళ్లిచ్చిన పొడి చల్లి, చేను గట్టున కానుగ చెట్టు నీడన కుప్పపోసి, తడిగోనెలు కప్పుతాడు. వారం పది రోజులకు గోనె ఎత్తి చూస్తే కుప్పంతా తెల్లటి దారాలు అల్లుకుని ఉంటాయి. ఆ ఎరువు మొక్క మొదట్లో వేస్తాడు.

పేరమ్మ మిరపకోతల మేస్త్రి. తెల్లవారకముందే వీధి మొదట్లో నిలబడి పిలిస్తే వీధి చివరి ఇంట్లో పొయ్యి వెలిగేది. కిందటేడు పంటకు కేక ఎక్కించడానికి హయాత్ ఫోను పట్టుకుని చేలోకే వచ్చాడు. ఆవిడ కొంగు నడుముకు దోపి, ఎదురుగా పందులున్నట్టే మొదలుపెట్టింది.

"హోయ్! హా! పోతారా పోరా! ముదనష్టపు మొహాల్లారా! పగలంతా మేం చావటం, పొద్దుగూకితే మీరు మేయటమా! మీ కాళ్లిరగ!" అని, మధ్యలో దగ్గి, పక్కకు తిరిగి చూసింది. రోశయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏందయ్యా చూస్తా నిలబడ్డావ్, రాయి తీసుకో!"

రోశయ్య నిజంగానే వంగి రాయి తీసుకున్నాడు. హయాత్ నవ్వాపుకోలేక ఫోను కిందికి దించాడు. ఆ చివరి ముక్క కోసేస్తానన్నాడు.

"ఉండనీరా. ఆయన కూడా ఇనాలిగా" అంది పేరమ్మ.

ఆ ఏడంతా పెట్టె పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా, ఆగి ఆగి, రోశయ్యను రాయి తీసుకోమంటూనే ఉంది. ఊరు నవ్వుకుంది. ఆయన కూడా నేల చూసి నవ్వేవాడు.

ఈ వేసవిలో, కల్లంలో ఎండిన కాయలు కుప్ప చేస్తూ పేరమ్మ ఛాతీలో మంట అంది. మిరప ఘాటనుకున్నారు. ఆవిడా అదే అనుకుంది. కాసిని మజ్జిగ తాగి మళ్లీ పనిలోకి దిగింది. మిరప చేసేవాళ్లు ఒంట్లో మంటను పట్టించుకోరు. చిలకలూరిపేట ఆసుపత్రికి తీసుకెళ్లేలోపు ఆటోలోనే పోయింది.

తొలకరికి రోశయ్య నారు పోశాడు, తర్వాత మొక్క నాటాడు, పక్కన అరెకరంలో మొక్కజొన్న వేశాడు. మొక్కజొన్న మోకాలెత్తు రాగానే అటక మీది పెట్టె దించి, బ్యాటరీ వేసి, కర్రకు కట్టాడు. మొదటి కేక లేచినప్పుడు పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు కొడవళ్లు వదిలేసి లేచి నిలబడ్డారు. ఒకావిడ ఏడ్చింది. పోయిన మనిషి గొంతు అలా పొలాల్లో తిరగకూడదని పెద్దవాళ్లు చెప్పారు. వేటపాలెం జీడిపప్పు మిల్లులో పనిచేసే కూతురు రాజేశ్వరి ఫోన్ చేసి, "అమ్మని అట్టా మంచులో నిలబెట్టటం ఏంది నాన్నా?" అంది. రోశయ్య మర్నాడే చేలోకి వెళ్లాడు. పెట్టె మీద పాత గొడుగు ఒకటి కట్టి వచ్చాడు.

ఊరు మెల్లగా అలవాటు పడింది. చిక్కేమిటంటే పందులు కూడా అలవాటు పడ్డాయి.

పక్క చేను శివనాగరాజుది. రోశయ్యను బావా అని పిలుస్తాడు, పేరమ్మను అక్కా అనేవాడు. వరసే గానీ చుట్టరికం లేదు. అతని నోటికి ఊళ్లో అందరూ జడుస్తారు. ఒక ఉదయం తొక్కేసిన మొక్కజొన్న దంట్లు రెండు చేతులా పట్టుకుని వచ్చి రోశయ్య ముందు పడేశాడు.

"ఇవి నీయి. ఇంకో మోపెడు నాయి. నీ చేలోంచే దిగుతున్నయ్ బావా."

రోశయ్య దంట్లు తిప్పి చూశాడు. "పెట్టె అరుస్తానే ఉందిగా."

"అరుస్తా ఉంది. అది ఎప్పుడు అరుస్తదో వాటికి తెలుసు. అరిచినంతసేపు తలొంచుకోని నిలబడి, అయిపోంగానే మళ్లా తింటన్నయ్. అక్క తిట్లకి పందులు గూడా నీలాగే తయారైనయ్."

రోశయ్యకు నవ్వొచ్చింది, ఆగిపోయింది.

"గొంతు మార్చాల్సిందే బావా" అన్నాడు శివనాగరాజు, ఈసారి కొంచెం తగ్గి. "అక్క అంటే నాకు అభిమానం లేకనా. చేను ఉండాలిగా."

"చూద్దాంలే" అన్నాడు రోశయ్య. చూడలేదు. రోజూ పొద్దున్నే వెళ్లి విరిగిన దంట్లు ఏరి గట్టున వేసేవాడు. సాయంత్రం మళ్లీ అదే గొంతు పెట్టేవాడు.

శ్రీరమ్య అప్పుడు వచ్చింది.

ఆమెది గుంటూరు. ఇంజనీరింగ్ చదివి, అది వదిలేసి, బెంగళూరులో బొమ్మలూ శబ్దాలూ కలిపి చేసే కళ ఏదో నేర్చుకుంది. ముప్ఫై ఏళ్లుంటాయి. మొక్కలకు, బూజులకు, మనుషులకు మధ్య మాటలాంటిది ఏదైనా కుదురుతుందా అన్నది ఆమె పని. గుంటూరులో ఒక ప్రదర్శన పెట్టబోతోంది. చేత్తో బూజును పెంచే రైతు ఎవరున్నారని వ్యవసాయ అధికారిని అడిగితే రోశయ్య పేరు చెప్పాడు.

గుండె పరీక్షకు ఒంటికి అంటించే బిళ్లల్లాంటివి చిన్నవి తెచ్చింది. వాటిని రెండు మిరప మొక్కల ఆకులకు అంటించింది. రెండు సన్నటి ఉక్కు పుల్లలు కానుగ కింద ఎరువు కుప్పలో గుచ్చింది. అన్నిటి తీగలూ డబ్బాలో ఉన్న ఒక చిన్న పచ్చ పలకకు చేరాయి. మొక్కలోనూ బూజులోనూ చాలా కొద్దిపాటి కరెంటు ఉంటుందని, ఎండకూ నీటికీ చెయ్యి తగలటానికీ అది మారుతుంటుందని, ఆ మార్పును శబ్దంగా చేస్తానని చెప్పింది. స్పీకరు పెట్టి వినిపించింది. సన్నగా మొదలై బొంగురుగా సాగే ఒక మోత.

"ఫ్యాను బేరింగ్ పోయినట్టుందమ్మా" అన్నాడు గట్టు మీది నుంచి శివనాగరాజు.

రోశయ్య మాత్రం కూర్చుని విన్నాడు. మోత ఆగాక అడిగాడు. "ఇది మొక్క అంటం, నువ్వు ఇంటమేనా? మనం అన్నది దానికి తెలుస్తదా?"

"మొక్క మాట్లాడుతోందని నేను చెప్పను బాబాయ్. మారుతోందని చెబుతాను. తడిగోనెకు పెట్టినా ఏదో ఒక అంకె వస్తుంది. అందుకే మొక్క అంకె, గోనె అంకె పక్కపక్కన పెట్టి చూస్తాను."

ఆ జవాబు రోశయ్యకు నచ్చింది. మందుల కంపెనీల వాళ్లెవరూ ఆయనతో అలా మాట్లాడి ఉండరు. మధ్యాహ్నం తన క్యారేజీలో పచ్చడి అన్నం సగం ఆమెకు పెట్టాడు.

పొద్దువాలింది. పెట్టె మొదలుపెట్టింది. శ్రీరమ్య ఉలిక్కిపడి లేచింది. పలక మీది అంకెలు చెదిరిపోయాయి. పెట్టె బ్యాటరీ తీగ తన తీగల పక్కనే ఉన్నందువల్ల లెక్క పాడవుతోందని గ్రహించి, ఆ పెట్టెను కొన్నాళ్లు ఆపగలరా అని అడిగింది.

"కుదరదమ్మా."

"పోనీ వేరే చోటికి..."

"కుదరదు."

అంతసేపూ మెత్తగా ఉన్న మనిషి అలా అనేసరికి ఆమె తికమకపడింది. పెట్టె మరోసారి అరిచింది. తిట్లు, దగ్గు, రాయి తీసుకో. శ్రీరమ్య నవ్వింది. "ఎవరు బాబాయ్ ఈవిడ? భలే ఉంది గొంతు."

"మా ఇంటిది" అని రోశయ్య గోనెలు తడపడానికి వెళ్లిపోయాడు.

మిగతాది శివనాగరాజు చెప్పాడు. పందుల సంగతి కూడా చెప్పాడు. "నువ్వన్నా చెప్పమ్మా, చదువుకున్నదానివి. గొంతు మార్చకపోతే ఇద్దరం మునుగుతాం."

రెండు రోజుల తర్వాత శ్రీరమ్య ఒక ఆలోచనతో వచ్చింది. పందులకు అలవాటైంది పేరమ్మ గొంతు కాదేమో, కేకకూ కేకకూ మధ్య ఉన్న ఒకే తీరు విరామం. పెట్టెలోని గడియారం తీసేసి ఆ పని మొక్కలకూ బూజుకూ అప్పగిస్తే? వాటి కరెంటు ఒక హద్దు దాటి మారినప్పుడే కేక లేస్తుంది. అది ఎప్పుడో పందులకూ తెలియదు, మనకూ తెలియదు. నిజానికి ఆమెకు కావలసింది పందుల బెడద తీరటం కాదు, ప్రదర్శనకు ఒక మంచి ముక్క. ఆ మాట దాచకుండా చెప్పింది. రోశయ్యకు అందులో వినపడింది ఒక్కటే, గొంతు మార్చనక్కర్లేదు.

"అంటే మొక్క పిలిస్తే అది పలుకుద్ది" అన్నాడు.

"అలా అనుకోవచ్చు" అంది శ్రీరమ్య. అలా అనకుండా ఉండాల్సిందని తర్వాత ఆమెకు అనిపించింది.

పెట్టె తీరు మారింది. ఒక సాయంత్రం మూడుసార్లు వెంటవెంటనే అరిచి ఊరుకుంది. ఇంకో రోజు పట్టపగలు, మబ్బు పట్టి ఎండ తగ్గగానే ఒక్కసారి "హోయ్" మంది, కోతులు గట్టు దిగి పారిపోయాయి. గాలి మళ్లినప్పుడు, మంచు కురిసినప్పుడు, ఒకసారి ఎవరూ ఏమీ చెయ్యకుండానే. పందులు కొన్నాళ్లు గుట్ట దిగలేదు. శివనాగరాజు ఊళ్లో చెప్పుకుని తిరిగాడు. "మా అక్క ఇప్పుడు టైము ప్రకారం తిట్టటం మానేసింది, ఒళ్లు మండినప్పుడు తిడతంది. బతికున్నప్పటి పద్ధతి."

రోశయ్య చేలో ఉండే సమయం పెరిగింది. పని లేకపోయినా ఉండేవాడు. ఇంతకుముందు కేక ఎప్పుడొస్తుందో తెలుసు కాబట్టి ఎదురుచూడటం లేదు. ఇప్పుడు తెలియదు. మొక్క పక్కన కూర్చుని పురుగు ఏరుతూ, వేలితో పూత లెక్కచూస్తూ, చెవి పెట్టెకేసి పెట్టేవాడు. అరవగానే నవ్వేవాడు. కేకకు ముందు ఏం జరిగిందో గమనించేవాడు. నీడ పడింది. తూనీగ వాలింది. వ్యవసాయం చేసేవాడికి గమనించకుండా ఉండటం చేతకాదు. అలా గమనిస్తూనే ఒకటి కనిపెట్టాడు. తీగలున్న మొక్క మొదట్లో నీళ్లు పడిన కాసేపటికి పేరమ్మ తప్పకుండా పలుకుతుంది.

మొదటిరోజు ఒక చెంబెడు పోశాడు. ఎండకు ఆకు వాడినట్టుంది కదా అనుకున్నాడు. ఆకు నిజంగానే కొంచెం వాడింది. పేరమ్మ అరిచింది. మర్నాడు పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. తర్వాత బకెట్టు. నల్లరేగడి తాగిన నీటిని తొందరగా వదలదు. మిరపకు కాలు తడవటం పడదు. ఈ రెండూ ఆ ఊళ్లో చంటిపిల్లలకు తప్ప అందరికీ తెలుసు. రోశయ్యకు అందరికంటే ఎక్కువ తెలుసు. డ్రిప్పు ఒక గంట ఎక్కువ తిరిగితే పక్క రైతులను కోప్పడే మనిషి ఆయన.

పదిహేను రోజులు దాటేసరికి తీగలున్న రెండు మొక్కలూ మధ్యాహ్నం పూట తలలు వాల్చి, సాయంత్రానికి లేవటం మొదలుపెట్టాయి. తర్వాత సాయంత్రం కూడా లేవలేదు. వాడిన మొక్కలో కరెంటు కదలిక తగ్గింది. కేకలు తగ్గాయి. ఒక రోజు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఒక్కసారి కూడా పలకలేదు. ఆ సాయంత్రం రోశయ్య రెండు బకెట్లు పోశాడు.

పందులు దిగాయి.

తెల్లవారి శివనాగరాజు కోపంగానే వచ్చాడు. చెప్పులు గట్టున విడిచి మిరప సాలులోకి దిగాడు. రెండడుగులు వేసి ఆగాడు. పాదం చీలమండ దాకా దిగబడింది.

"బావా, వానెక్కడన్నా పడిందా?"

 బకెట్టు రోశయ్య పక్కనే ఉంది.

శివనాగరాజు వంగి ఒక మొక్క మొదట్లో మట్టి గీకాడు. వేరు బెరడు వేలికి ఊడి వచ్చింది, గోధుమరంగులో, మెత్తగా. పక్క మొక్క చూశాడు. సాలు వెంట నీరు పారినంత మేరా ఆకులు పచ్చగానే వేలాడుతున్నాయి. పూత మీదున్న మొక్కలు. ఒకదానికి తొలి కాయలు కూడా దిగాయి.

"ఉరకెత్తింది గదా బావా" అన్నాడు. నీళ్లెక్కువై వేరు ఊపిరాడక చేను చావటాన్ని అక్కడ ఆ మాటే అంటారు. వానలకు ఉరకెత్తటం ఊరు చూసింది. మనిషి చేతుల్తో చెయ్యటం చూడలేదు. 

"నీళ్లు పోస్తే పలుకుద్ది" అన్నాడు రోశయ్య.

"పెట్టెకి స్విచ్చి ఉందిగా. నొక్కితే పలకదూ?"

"స్విచ్చి నొక్కితే నేను పిలిచినట్టు. ఇట్టాగైతే దానంతటది వచ్చినట్టు."

"నీళ్లు పోసి పిలవటం పిలవటం కాదా?"

రోశయ్య నేలకేసి చూశాడు. "కాదనుకున్నా" అన్నాడు.

శివనాగరాజు బకెట్టు తీసుకుని దూరంగా, గట్టుకు అవతల పెట్టి వచ్చాడు. తర్వాత పార తెచ్చాడు. ఇద్దరూ సాలు చివర గండి కొట్టి నిలిచిన నీటిని కాలవలోకి వదిలారు.

శ్రీరమ్య మధ్యాహ్నానికి చేరింది. శివనాగరాజు ఫోనులో జరిగిందంతా ఆమెకు చెప్పేశాడు. ఆమె వచ్చేసరికి రోశయ్య చచ్చిన మొక్కలు పీకుతున్నాడు. ఒక్కో మొక్కనూ వేరు విరగకుండా, నారు పీకినంత జాగ్రత్తగా పీకి గోనెపట్టా మీద పరుస్తున్నాడు. తీగలున్న రెండింటినీ ముట్టుకోలేదు.

ఆమె సంచీ పక్కన పెట్టి గట్టు మీద కూర్చుంది. "తప్పు నాది కూడా బాబాయ్. నీళ్లు తగిలితే అంకె లేస్తుందని నాకు తెలుసు. ఆ సంగతి మీకు తెలిస్తే ఏమవుతుందో ఆలోచించలేదు."

"నేను పోస్తానని నేను మాత్రం అనుకున్నానా అమ్మా" అన్నాడు రోశయ్య. "ఆవిడుంటే చెంబు ఇసిరేసేది."

"తీగలు ఇంకో సాలుకు మారుస్తాను. ఈసారి నీటికి పలకకుండా చేస్తాను. ఎండకో, గాలికో..."

"వద్దు."

"పందుల కోసమైనా?"

"గాలికి పలుకుద్దంటే గట్టు మీది తడికెలు పీకేస్తా. ఎండకంటే కానుగ కొమ్మలు కొట్టేస్తా. నా సంగతి నాకు తెలిసిపోయింది." ఆయన లేచి, నడుము పట్టుకుని నిలబడ్డాడు. "వాటి బతుకు అవి బతుకుతున్నయ్. నా అవసరం వాటి మీద పెట్టినా. మొక్క ఏం జెప్పిందో నేను ఇన్లా. తల వాల్చింది, చూశా. చూసి కూడా నీళ్లు పోశా."

శ్రీరమ్య లేచింది. వెళ్లి రెండు మొక్కల ఆకుల నుంచి బిళ్లలు మెల్లగా ఊడదీసింది. ఆకులు అప్పటికే కాగితాల్లా ఉన్నాయి. ఎరువు కుప్పలో పుల్లలు లాగితే వాటికి తెల్లటి బూజుదారాలు చుట్టుకుని వచ్చాయి. రోశయ్య ఆ దారాలను వేలితో దులిపి మళ్లీ కుప్పలోకే వేశాడు. కుప్పంతా ఆ పూటే తవ్వి, చచ్చిన మొక్కలకు అటూ ఇటూ ఉన్న బతికిన మొక్కల మొదళ్లలో ముగ్గురూ కలిసి వేశారు. శ్రీరమ్య చేతులకు పేడ అంటింది. శివనాగరాజు చూసి, "ఇప్పుడు నీకు వాటితో మాటలు కలిసినయ్ అమ్మాయ్" అన్నాడు.

వెళ్లేముందు ఆమె అడగలేక అడిగింది. గుంటూరు ప్రదర్శనలో ఒక మిరప మొక్క, ఒక బూజు కుప్ప, పేరమ్మ గొంతు పెట్టాలనుకుంది. ఇప్పుడు మానేస్తానంది.

"మానేం వద్దు" అన్నాడు రోశయ్య. "నీ బొమ్మల కొలువులో పెట్టుకో. అక్కడ నేనుండను కాబట్టి మొక్కకి భయం లేదు. దగ్గు తియ్యబాకు."

పందుల సంగతి అలాగే ఉంది. శివనాగరాజు ఆ వారంలోనే రోశయ్యను బండి వెనక ఎక్కించుకుని మార్టూరు తీసుకెళ్లాడు. హయాత్ కొట్టు సెంటర్లో, టీ బంకు పక్కన. ముందు ఆటోలు ఆగుతాయి. హయాత్ లేచి స్టూలు వేశాడు. పెట్టెలోకి ఎవరి గొంతు ఎక్కించాలని అడిగాడు.

"నాది" అన్నాడు రోశయ్య.

హయాత్ శివనాగరాజు వైపు చూశాడు. శివనాగరాజు భుజాలెగరేశాడు. "నా గొంతు ఇస్తానన్నా. ఇనలా. ఆయన చేలో ఆయనే అరవాలంట."

ఫోను దగ్గరగా పెట్టారు. రోశయ్య గొంతు సవరించుకున్నాడు.

"పోండి. హోయ్. పోండి అవతలికి."

హయాత్ వినిపించాడు. బంకు దగ్గర టీ తాగేవాళ్లు కూడా విన్నారు.

"మామా, పందుల్ని పెళ్లికి పిలుస్తున్నట్టుంది."

"భోంచేసి తాంబూలం గూడా అడుగుతయ్" అన్నాడు శివనాగరాజు.

రెండోసారి కొంచెం గట్టిగా అన్నాడు. మూడోసారి దగ్గొచ్చింది. నలభై ఏళ్లు ఇంట్లో అరవాల్సినవన్నీ వేరే మనిషి అరిచింది. ఈయనకు ఆ అవసరం రాలేదు. హయాత్ ఓపిగ్గా ఫోను తుడిచి మళ్లీ పట్టుకున్నాడు. కోపం రావాలి మామా అన్నాడు. ఎవడి మీదైనా ఉంటుంది కదా, వాణ్ణి తలుచుకో అన్నాడు.

"నాకెవరి మీదా లేదురా."

"ఆ మిరప మొక్కల్ని చంపినోడు ఎదురుగా ఉన్నాడనుకో బావా" అన్నాడు శివనాగరాజు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

రోశయ్య లేచి నిలబడ్డాడు. రోడ్డుకేసి తిరిగాడు. 

"బుద్ధుందంట్రా నీకు!"

హయాత్ చేతిలో ఫోను కదిలింది. బంకు దగ్గరి వాళ్లు తిరిగి చూశారు.

"పుట్టి బుద్ధెరిగినకాణ్ణుంచి అదేగదరా నీ పని! కాలు తడిస్తే చస్తయ్యని తెలవదా! తలకాయలు వాల్చి చెప్తన్నయ్ గదరా, కళ్లు మూసుకుపోయినయ్యా! పూత మీదున్నయ్ గదరా! పసిబిడ్డలు గదరా! పో! కనపడమాక! పో నా చేలోంచి! పో!"

వెళుతున్న ఆటో ఒకటి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, తననే అంటున్నారనుకుని, ఏమైందన్నట్టు చూశాడు. శివనాగరాజు చెయ్యూపి పొమ్మన్నాడు. రోశయ్య మెడ నరాలు పొంగి, మెల్లగా తగ్గాయి. టీ బంకు ఆవిడ గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది. సగం తాగి, మిగతావి ముఖం మీద చల్లుకుని, కండువాతో తుడుచుకున్నాడు.

"ఇనిపించు" అన్నాడు.

హయాత్ వినిపించాడు. ఆయన చివరిదాకా విన్నాడు.

"నాదేనా అది?"

"నీదే మామా. గుట్ట మీద దాకా ఇనపడుద్ది."

"ఎక్కించు."

హయాత్ పెట్టె వెనక మూత విప్పి పేరమ్మ గొంతున్న చిన్న కార్డు బయటికి తీశాడు. కొత్తది పెట్టి, తీసేసిన గడియారం మళ్లీ బిగించాడు. పాత కార్డును అరచేతిలో పట్టుకుని, అందులో ఉన్నది ఫోనులోకి మార్చి ఇస్తానని, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చని చెప్పాడు. రోశయ్య దానివైపు చూశాడు. చెయ్యి చాపి, వెనక్కు తీసుకున్నాడు.

"ఇప్పుడొద్దురా. నీ దగ్గరే దాచు" అన్నాడు. "కోతలు అయినాక వస్తా."